కాలర్లోంచి పొగ

విఠల్ ఒకసారి ప్రపంచాన్ని కాపాడాడు. మరీ మొత్తం ప్రపంచం కాదు లెండి, టూవూంబా శివార్లలో ఒక కోళ్ళదాణా కంపెనీ. దాని బిల్లుల ప్రోగ్రాంలో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేశాడు. రెండువేల సంవత్సరం వచ్చింది, కోళ్ళకు ఏ లోటూ రాలేదు. కంపెనీ వాళ్ళు విఠల్‌కి గాజు షీల్డు ఇచ్చి చప్పట్లు కొట్టారు. చలికాలం మొదలవగానే, మీరు బాగుచెయ్యాల్సిందింకేమీ మిగల్లేదని చెప్పి ఉద్యోగంలోంచి తీసేశారు.

షీల్డు సంగతి ఇంట్లో చెప్పాడు. రెండోది చెప్పలేదు. రోజూ టై కట్టుకుని, భార్య లిఖిత ఇచ్చిన పప్పన్నం డబ్బా పట్టుకుని లైబ్రరీకి పోయి, సాయంత్రం ఆఫీసు వదిలే వేళకి అలసిపోయినట్టు ఇంటికొచ్చేవాడు. అలసట మాత్రం నిజమే. ఏ పనీ లేకుండా రోజంతా కూర్చోవడం తేలికేం కాదు.

రాగానే స్టవ్ రాజేసేవాడు. ఆ ఊరు కొండమీద ఉంది, అక్కడ చలికాలం జులైలో, పొద్దున్నే గడ్డి మీద మంచు పేరుకుంటుంది. అద్దె ఇంట్లో చలికి దిక్కు హాల్లో ఉన్న ఇనప కట్టెల స్టవ్ ఒక్కటే. కట్టెలు కొనడం, గరాజ్‌లో పేర్చడం, లోపలికి మోసుకు రావడం అన్నీ విఠలే. ఇంకొకర్ని గరాజ్‌లో అడుగు పెట్టనిచ్చేవాడు కాదు. విషపు సాలీళ్ళున్నాయి అనేవాడు.

కట్టె కూడా ఒక్కటే, ఐరన్‌బార్క్. హైవే పక్కన యూట్ బండి ఆపుకుని కట్టెలమ్మే హైదరాబాదు తాజ్ భాయ్ మొదటిసారే అడిగాడు.

"ఇంట్ల ఎవరన్నా ఏమన్నా దాస్తున్నరా సార్? లేదంటే షీ-ఓక్ తీస్కపోండి. జల్ది అంటుకుంటది, మంట మస్తుంటది."

"ఐరన్‌బార్కే ఇవ్వండి."

"సమజైంది," అంటూ తాజ్ దుంగలు దించాడు. "మొగోళ్ళందరూ గదే అడుగుతరు."

ఈ సంగతి ఆ ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. స్టవ్‌లో షీ-ఓక్ కాలుతుంటే, కడుపులో మాట దాచుకున్నవాళ్ళ బట్టల్లోంచి పొగ వస్తుంది. చిన్న మాటైతే అగరొత్తి పొగంత, పెద్దదైతే పక్కవాళ్ళ కళ్ళు మండేంత. అందుకే ఇంటి ఓనరు వచ్చినప్పుడూ, అత్తింటివాళ్ళు భోజనానికొచ్చినప్పుడూ జనం ఆ కట్టె జోలికి పోరు. ఐరన్‌బార్క్ అలాంటిది కాదు. బరువైన కట్టె, నిదానంగా అంటుకుంటుంది, తెల్లారేదాకా నిప్పు నిలుపుతుంది, ఎవరి ఊసూ ఎత్తదు.

లిఖిత నర్సు. ఊళ్ళో ఆసుపత్రివాళ్ళు ఆమెని ఉద్యోగంలోకి రమ్మన్నారు.

"శుక్రవారం లోపల ఏదో ఒకటి చెప్పమన్నారు. నో చెప్పెయ్యనా మరి?"

"చెప్పెయ్. నెక్స్ట్ మంత్ మా కంపెనీ నన్ను సిడ్నీ పంపిస్తోందన్నాను కదా. అక్కడ వెస్ట్‌మీడ్‌లో ఇంతకన్నా పెద్ద హాస్పిటల్ ఉంది."

"వీసా కూడా వాళ్ళే చూసుకుంటారటండీ. ఇద్దరికీ."

విఠల్ స్టవ్ తలుపు తెరిచి ఇంకో దుంగ వేశాడు. అతని వీసా ఉద్యోగంతో ముడిపడినది. ఉద్యోగమే లేదని తెలిస్తే సామాన్లు సర్దుకోవాల్సిందే. ఉద్యోగం చూసి ఫోన్ చేస్తామన్న సిడ్నీ కన్సల్టెంట్లు ఒక్కరూ చెయ్యలేదు. ఇద్దరినీ ఇక్కడ నిలబెట్టగలిగేది లిఖిత ఉద్యోగమే. అతను నోరు తెరిస్తే చాలు. రోజూ తెరిచేవాడు. "చలిగా ఉంది కదా," అని మూసేసేవాడు.

గురువారం మధ్యాహ్నం లిఖిత వాళ్ళమ్మ శారదాంబ హైవే పక్కన తాజ్ బండి దగ్గర కారాపించింది. కూతురి దగ్గర నాలుగు నెలలుందామని వేటపాలెం నుంచి వచ్చిన మనిషి.

"ఇది మా సరుగుడు కట్టె కదయ్యా?"

"ఈడ షీ-ఓక్ అంటరు ఆంటీ. చూస్కోని కాల్చుండ్రి."

"పెళ్ళైన దగ్గర్నుంచీ దీంతోనే వండాను, నాకు చెప్తావా. మా వంటింటి నిండా పొగే. అందులో ఎవరి పొగ ఎవరిదో ఎవడు చూశాడు."

తాజ్ లిఖిత వంక చూశాడు. లిఖిత వెళ్ళి కారు డిక్కీ తెరిచింది.

సాయంత్రం విఠల్ వచ్చేసరికి స్టవ్ ఎర్రగా మండుతోంది. వాసన చూడగానే గుమ్మంలో ఆగిపోయాడు.

"గరాజ్‌లోకి పోవద్దన్నారుగా, అందుకే కొనుక్కొచ్చాం," అంది లిఖిత. "కూర్చోండి."

ముందు శారదాంబ పమిట చెంగులోంచి సన్నగా పొగ లేచింది.

"మీ షీల్డు పగలగొట్టింది నేనే బాబూ, దుమ్ము దులుపుతూ. పక్కింటి పిల్లి మీద చెప్పాను." పొగ ఆగిపోయింది.

విఠల్ అన్నిటికన్నా దూరపు కుర్చీ చూసుకున్నాడు. కాలర్లోంచి పొగ లేస్తుంటే గుండీ పెట్టాడు. మఫ్లర్ చుట్టాడు. పొగ చొక్కా చేతుల్లోంచి రావడం మొదలైంది. గోడ మీద స్మోక్ అలారం కీచుమంది. లిఖిత లేచి దినపత్రికతో దానికి విసురుతూ నిలబడింది. ఆమె కళ్ళు నీళ్ళు కారుతున్నాయి. పొగకేనో కాదో విఠల్‌కి తెలియలేదు.

"నా ఉద్యోగం పోయింది."

"ఎప్పుడు?"

"చలి మొదలైనప్పుడే. సిడ్నీ కూడా అబద్ధం."

లిఖిత విసరడం ఆపి కూర్చుంది. "అన్నం ఎక్కడ తింటున్నారు?"

"లైబ్రరీ వెనక బెంచీ మీద."

"ఈ చలిలోనా." పేపరు మడిచి పక్కన పెట్టింది. "పొద్దున్నే ఆసుపత్రికి ఫోన్ చేసి వస్తానని చెప్తాను. మీ పని ఆ తర్వాత చెప్తాను."

కాలర్లో పొగ చల్లారింది. చొక్కా ఎడమ చేతిలోంచి మాత్రం ఇంకా వస్తూనే ఉంది.

"మొదటి జీతం వచ్చేదాకా తిండెలాగే?" అంది శారదాంబ. ఆ మాటకి పొగ ఇంకాస్త దట్టమైంది. "అల్లుడుగారికి ఇంకేదో ఉన్నట్టుందే."

విఠల్ చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. పొగ వీపు మీంచి లేచింది.

"గరాజ్‌లో ఐరన్‌బార్క్ వెనకాల బియ్యం బస్తాలున్నాయి," అన్నాడు నేల చూస్తూ. "గోడంత పొడుగునా. కందిపప్పు, కొవ్వొత్తులు కూడా. డిసెంబర్లో బ్రిస్బేన్ నుంచి తెచ్చాను. జనవరి ఒకటో తారీకున కంప్యూటర్లన్నీ ఆగిపోతాయేమోనని."

లిఖిత అతని వంక చూసింది. "బాగుచేసింది మీరే కదండీ."

"అందుకే తెచ్చాను," అన్నాడు విఠల్. పొగ ఆగిపోయింది.