తడి గోనెల చల్లదనం

తెనాలి స్టేషన్లో అందరూ చూస్తుండగా మస్తానమ్మను రైలెక్కే కూలీల వరుసలోంచి బయటికి లాగారు. సముద్రంలో చేపల వేట దొరకని నెలల్లో, నగరం అనే ఊరి పక్కనున్న మా పల్లెల వాళ్ళం కొండల్లోని ఒక గుహకు పోతాం. యాత్రికుల ముందు దీపాలు పట్టడం మా పని. ఆమెకది ఏడో ఏడు.

"దగ్గే మనిషిని చూస్తే జనం జడుసుకుంటారు. ఇంటికి పోవే," అన్నాడు కాంట్రాక్టరు శేషగిరిరావు.

"మీ గుహలోనే పట్టుకుందండి ఈ దగ్గు!"

"గుహకు దగ్గేంటి? నువ్వు చెప్పవోయ్ మేస్త్రీ, బాపట్లలో చదివావుగా!"

ఆ కూలీల మేస్త్రీని నేనే. నిరుడు, డెబ్భై మూడులో, ఒక పరిశోధకుడు గుహలో పరికరం పెట్టి చూశాడు. రాతిలోంచి రేడాన్ అనే వాయువు ఊరుతోందన్నాడు. దానికి రంగు లేదు, వాసన లేదు. గంటసేపు చూసిపోయేవాళ్ళకు భయం తక్కువే, ఏళ్ళ తరబడి రోజంతా పీల్చేవాళ్ళకు ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ రావచ్చు, గాలి ఆడనివ్వండి అని శేషగిరిరావుకీ నాకూ మరీ మరీ చెప్పాడు.

గాలి ఆపింది మేమే. ఎండాకాలం ఇళ్ళ గుమ్మాలకు కట్టుకున్నట్టే గుహ నోటికీ తడి గోనెలు కట్టి, ఆ చల్లదనంలో అన్నాలు తిని కునుకు తీసేవాళ్ళం. కట్టమన్నది నేను. పరిశోధకుడి మాట విన్నాక కూడా విప్పమనలేదు. "చెబితే ఒక్కడూ రాడు," అన్నాడు శేషగిరిరావు. తలూపాను.

ఆ రోజు ప్లాట్‌ఫారం మీద మాత్రం తల ఊగలేదు. ఉన్నదంతా కక్కేశాను.

"నా కూతురు కడుపుతో ఉండి అక్కడే పడుకుందిరా!" గంగరత్నం నా చొక్కా పట్టుకుంది.

ముసలి కోటయ్య నెమ్మదిగానే అడిగాడు. "మూసిన పడవ అడుక్కి దిగేముందు మూత తీసి గాలాడనిస్తాం. ఆ మాత్రం తెలిసినోళ్ళమే కదరా. ఒక్క ముక్క చెబితే నీ సొమ్మేం పోయింది?"

మస్తానమ్మ నా కళ్ళలోకి చూసింది. "నా దగ్గు ఆ గాలిదేనా?"

"తెలీదత్తా. దీపాల పొగ వల్ల కూడా కావచ్చు."

"తెలియంది సరే. తెలిసింది దాచావే!"



రైలు వచ్చింది. "ఎక్కుతారా, వేరే ఊరోళ్ళని తెచ్చుకోనా?" అరిచాడు శేషగిరిరావు.

"మనం ఇళ్ళకు పోదాం," అన్నాడు పోతురాజు.

"పోతే ఆ వేరే ఊరోళ్ళకి ఎవరు చెబుతారు?" గంగరత్నం కొంగు బిగించింది. "ఎక్కుదాం. లోపలికి మాత్రం పోం. గుహ ముందే బైఠాయిద్దాం. గాలికి దారి తియ్యాలి, వంతులేసి పని చేయించాలి, మస్తానమ్మకు వైద్యం చేయించాలి. అప్పటిదాకా దీపం ముట్టేది లేదు!"

"పోలీసుల్ని పిలుస్తా!"

"పిలవండి బాబూ. ఆళ్ళకీ ఊపిరితిత్తులుంటాయి," అన్నాడు కోటయ్య.

నలభై మంది ఘొల్లున నవ్వారు. మస్తానమ్మను ముందు ఎక్కించి కిటికీ పక్కన కూర్చోబెట్టారు. నేను మెట్టు మీద కాలు పెడితే కోటయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"రా. గుహ దగ్గర బస్సు దిగే ప్రతి మనిషికీ ఇప్పుడు చెప్పిందంతా నువ్వే చెప్పాలి. మా పక్కన మాత్రం కూర్చోకు."

తలుపు దగ్గర నిలబడ్డాను. దారి పొడుగునా ఎవరూ జరిగి చోటివ్వలేదు. నేనూ అడగలేదు.