చందర్‌కు జమానత్

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదంటారే, చందర్ సంగతి అచ్చం అట్లాగే అయింది. చిరాగ్‌పల్లి దగ్గర ఎవరిదో బోరు మోటారుకున్న రాగి తీగ పోయింది. ఆ పొద్దున గోనెసంచి భుజానేసుకుని రోడ్డు పక్కన నడుస్తున్న పాపానికి పోలీసులు చందర్‌ను జీపెక్కించుకుపోయారు. సంచిలో ఉన్నవి ఖాళీ సీసాలు. కోర్టు బెయిలిచ్చింది. కాకపోతే ఆస్తి ఉన్న మనిషి ఎవరైనా వచ్చి పూచీ పడి జమానత్ ఉండాలంది. కూలి చేసుకుని బతికే అతని తల్లి నారమ్మ ఆస్తిపరుణ్ణి ఎక్కణ్ణుంచి తెస్తుంది? ఊళ్ళో చిన్న రైతుల భూమి పాసుబుక్కులన్నీ పంట రుణం కింద బ్యాంకులోనే ఉన్నాయి. మిగిలినవాళ్ళకు కోర్టు మెట్లంటేనే భయం. బెయిలొచ్చిన మనిషి జైల్లోనే ఉండగా ఎండాకాలం పోయి వానలు పడ్డాయి.

జహీరాబాద్ కోర్టులో వకీలుగా చేసే గ్లోరీకి ఒళ్ళు మండేది ఇక్కడే. డబ్బున్నవాడికి బెయిలంటే విడుదల, లేనివాడికి బెయిలంటే ఒక కాగితం. ఆమె పనిచేసే హక్కుల సంఘం ఈ సంగతి మీదే హైకోర్టుకు పోయింది. రాష్ట్రంలోని జైళ్ళలో ఇట్లా జమానత్ దొరక్క మగ్గుతున్న పేదవాళ్ళందరినీ సొంత పూచీ మీద వదలాలని అడిగింది. ఆ కేసులో మొదటి పేరు చందర్‌దే.

నారమ్మ ప్రతి వారం అంగడి రోజున గ్లోరీ ఆఫీసుకు వచ్చేది. కుర్చీలో కూర్చోమంటే కూర్చోదు, గడప పక్కన నేల మీదే కూర్చునేది. "వకీలమ్మా, మా పోరడు ఎప్పుడొస్తడు?" అని ఒక్క మాట అడిగి, జవాబు విని, లేచి ఆటో కోసం పోయేది.

గ్లోరీ తండ్రి ఇస్సాకు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైనవాడు. చిల్లర లేదన్నవాణ్ణి ఏనాడూ బస్సు దింపలేదని డిపోలో ఆయనకు పేరు, పై అధికారుల దగ్గర చీవాట్లు. ఒకరోజు బిడ్డకు అన్నం క్యారియర్ తెచ్చి, నారమ్మ మాటలు విన్నాడు. ఆమె వెళ్ళగానే అడిగాడు.

"మనకు ఇల్లున్నది గద. ఇంటి పన్ను రసీదు తీస్కొని నేనొస్త. రేపోమాపో పోరడు బయట పడ్తడు."

గ్లోరీకీ అదే అనిపించింది. అయినా సంఘం తరఫున హైకోర్టులో వాదిస్తున్న దీక్షితకు ఒక మాట చెబుదామని ఫోన్ చేసింది.

"తొందరపడకు గ్లోరీ," అంది దీక్షిత. "వచ్చే వారమే మన కేసు. అతను బయటికొస్తే ఇంకేముంది, సమస్య తీరిపోయిందిగా అంటాడు ప్రభుత్వ వకీలు. ఇంత గట్టి ఉదాహరణ మళ్ళీ దొరకదు. ఒక్క వారమేగా. కావాలంటే అతన్నే అడుగు."

అడిగింది. జైల్లో ములాఖత్ గది ఇనప జాలీకి అవతల నిలబడి చందర్ తల వంచుకుని అంతా విన్నాడు. "మీరెట్లంటే గట్లనే మేడం," అన్నాడు. దాన్ని ఒప్పుకోవడమే అనుకుంది గ్లోరీ. పోలీసులు జీపెక్కమన్ననాడూ అతను ఇదే మాట అని ఉంటాడని ఆమెకు తట్టలేదు.

ఇంటికొచ్చి చెబితే ఇస్సాకు కంచం ముందునుంచి లేచాడు. "ఊరంతటికి వంట చేస్తున్నమని ఇంట్ల పిల్లను పస్తు పెడ్తరా?" అన్నాడు. ఆ తర్వాత రసీదు మాట ఆయన ఎత్తలేదు, ఆమె అడగలేదు.

వారం అన్నది వాయిదా పడింది. మళ్ళీ పడింది. నారమ్మ వచ్చినప్పుడు గ్లోరీ ఆమె పక్కనే నేల మీద కూర్చుని నచ్చజెప్పింది. "మంచికే ఆగమంటున్న పెద్దమ్మా. చందర్ తోని ఇంకెందరో బయట పడ్తరు."

"మంచికే అంటవా," అంది నారమ్మ. లేచి, కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది.

తర్వాతి అంగడికి ఆమె రాలేదు. ఆ పై అంగడికీ రాలేదు. నిజం చెప్పాలంటే గ్లోరీకి ప్రాణం తెరిపిన పడ్డట్టయింది. అర్థం చేసుకుంది కాబోలు అనుకుంది. మనకు కావలసినట్టు అనుకోవడానికి ఎవరి జమానతూ అక్కర్లేదు కదా.

చలి మొదలయ్యాక కేసు గెలిచారు. జమానత్ తెచ్చుకోలేని పేదవాళ్ళను వాళ్ళ సొంత సంతకం మీదే వదలాలని ఉత్తర్వు వచ్చింది. దీక్షిత ఫోన్లో ఏడ్చినంత పని చేసింది. గ్లోరీ వెంటనే జైలుకు ఫోన్ చేసి చందర్ పేరు చెప్పింది.

"ఆ పిల్లగాడా?" అన్నాడు జైలు ఉద్యోగి. "ఎప్పుడో పోయిండు మేడం. వాళ్ళ ఊరి పటేల్ మదన్‌మోహన్ వేరే వకీలును పెట్టి జమానత్ ఉన్నడు."

అంటే చందర్ లోపల లేకుండానే కేసు గెలిచింది. ప్రభుత్వ వకీలు అతని పేరైనా ఎత్తలేదు. ఎవరికోసం అతన్ని అన్నాళ్ళు లోపల ఉంచినట్టు? గ్లోరీ ఆ ప్రశ్నను మోసుకునే షేర్ ఆటో ఎక్కి, ఝరాసంగం దాటి నారమ్మ ఊరికి పోయింది.

నారమ్మ ఇంటికి తాళం ఉంది. పక్కింటి బస్వమ్మ చేటలో కందులు చెరుగుతూ, "తల్లీకొడుకులు పటేల్ అల్లం చేన్లనే ఉంటరు," అని దారి చూపింది.

చేన్లో చందర్ అల్లం తవ్వుతున్నాడు. నారమ్మ గడ్డలకు మట్టి దులుపుతోంది. గ్లోరీని చూసి నవ్వింది, గట్టు మీద కూర్చోమంది, చెంబుతో నీళ్ళిచ్చింది.

"పటేల్ కాళ్ళు పట్టుకున్న," అంది. "జమానత్ ఉంటా గని కేసు ఒడిసేదాక పోరడు నా దగ్గరనే ఉండాలె అన్నడు. ఇడిసిపెట్టి పోతే జమానత్ వాపస్ తీస్కుంటడట."

"కూలి ఇస్తుండా?"

"రెండు పూటల బువ్వ పెడ్తుండు."

విడిపించినవాడికి విడుదలైనవాడు పనిచేసిపెట్టడం ఆ ఊళ్ళో తాతలనాటి రివాజు. కేసు తెమలడానికి ఎన్నేళ్ళు పడుతుందో గ్లోరీకి తెలుసు. పెనం మీంచి పొయ్యిలో పడ్డాడు పిల్లవాడు, పెనం మీద ఉంచింది తను.

"నాకు చెప్పొద్దా పెద్దమ్మా?"

"నువ్వు ఆగమన్నవు, ఆగిన. చూసి చూసి ఇటొచ్చిన," అంది నారమ్మ. ఆ గొంతులో కోపం లేదు. "నువ్వూ మంచికే జైల్ల ఉండమన్నవు. పటేల్ గూడ మంచికే చేన్ల ఉండమంటుండు."

 గ్లోరీ లేచి చందర్ దగ్గరికి నడిచింది.

"చందర్, నేను తప్పు చేసిన. రేపు కోర్టుకు రా. కొత్త ఉత్తర్వు వచ్చింది. పటేల్ జమానత్ తీసేసినా ఫికర్ లేదు. నీ సంతకం మీదనే నిన్ను బయట ఉంచుతరు."

"నా సంతకం మీదనేనా?"

"నీదే. ఇంకెవ్వరిదీ వద్దు."

చందర్ మట్టి చేతులను చూసుకున్నాడు. జైలు జాలీ వెనుక ఎన్నడూ చూడని వెలుగు ఆ ముఖంలో కనిపించి, గ్లోరీకి కళ్ళనీళ్ళు వచ్చాయి.

"వస్త మేడం," అన్నాడు అతను. పార కింద పెట్టి, చేను చివర ఉన్న మోటారు గది వైపు రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "జర ఆగుండ్రి. పటేల్‌ను అడిగొస్త."