ఇరిగి దొర్లిందా, దొర్లి ఇరిగిందా

చచ్చినవాడి మీద మాట వేయడమంత సులువైన పని లోకంలో ఇంకోటి లేదు. వాడు లేచి వచ్చి, "ఏమప్పా, నువ్వు చూసినావా?" అని అడగడు గదా! చచ్చినోడి కండ్లు చారెడు అంటారు. ఎంత పనికిమాలినవాడైనా పోయాక నాలుగు మంచి మాటలు దక్కుతాయి. పాపం, వీరభద్రకు అవి కూడా దక్కలేదు. పత్తికొండ టమాటా మార్కెట్లో వాడి గురించి మిగిలింది ఒకే ఒక్క మాట. తాగి తోలినాడు.

ఆ మాట చెవిన పడినప్పుడల్లా వాడి అన్న బసవన్న అక్కణ్ణించి లేచి వచ్చేసేవాడు. తమ్ముడికి సారా వాసనే పడదు. పెళ్లిళ్లలో మగాళ్లంతా చాటుకు పోతుంటే వాడు మజ్జిగ గ్లాసు పట్టుకుని ఆడవాళ్ల పంక్తిలో కూర్చుని తిట్లు తినేవాడు. అది బసవన్నకు తెలుసు, ఊరికీ తెలుసు. తెలిసినా ఊరి నోరు ఊరిదే. టమాటా బాక్సులతో మైదుకూరు పోతున్న పికప్పు బండి పట్టపగలు, చదునైన రోడ్డు మీద, ఎదురుగా మేకపిల్ల కూడా లేనప్పుడు పక్కకు ఒరిగి దొర్లింది. వీరభద్ర అక్కడికక్కడే పోయాడు. బండి నడిమికి రెండుగా విరిగి పడి ఉంది. ఎదురులేని రోడ్డు మీద దొర్లిందంటే తాగినట్టే గదప్పా అని మార్కెట్లో మొదట అన్నవాడు ఓబుళేశు. బసవన్న వాళ్లూ వాడూ ఒకే రోజు, ఒకే షోరూములో, ఒకే రకం బండ్లు కొన్నారు. వాడి నోటి నుంచి మాట బయటపడింది, మిగతా పని ఊరు చేసింది.

ఇక తేలవలసింది ఒకటే. బండి ఇరిగి దొర్లిందా, దొర్లి ఇరిగిందా? ఇరిగి దొర్లితే తప్పు బండిది, దాన్ని చేసి అమ్మినవాళ్లది. దొర్లి ఇరిగితే తప్పు తోలినవాడిది. ఉన్నవి రెండే మాటలు. ఏది ముందు, ఏది వెనక అన్నదాని మీదనే ఒక మనిషి పరువంతా ఉంది. పోలీసులు దొర్లి విరిగిందనే రాసుకున్నారు. కంపెనీవాళ్లూ ఫోనులో అదే పాట పాడారు. పైగా, మీది వానలు లేని సీమ, అక్కడ చాసీకి తుప్పెట్లా పడుతుందండీ అని నవ్వారట. చాసీ అంటే బండి బరువంతా మోసే ఇనుప చట్రం. మనిషికి వెన్నుపూస ఎట్లాగో బండికి అది అట్లాగ.

వీరభద్ర భార్య లక్ష్మక్క మాత్రం ఫోను వదల్లేదు.

"వాళ్లు మనకేమీ ఇయ్యద్దు బావా," అంది బసవన్నతో. "బండి ఇరిగి దొర్లింది, తోలినోని తప్పు కాదు అని ఒక్క మాట చెప్తే చాలు. తాగుబోతు కూతురా అన్నారంట బడిలో పిల్లోళ్లు. శివాని బడికి పోనంటే పోనని ఇంట్లో కూచోనుండాది. దానికి నేనేం చెప్పల్ల?"

 నడుం నొప్పని ఆ రోజు తాను బండి ఎక్కకుండా తమ్ముడిని పంపింది బసవన్నే. ఆ సంగతి ఎవరూ అనరు, తను మాత్రం రోజూ అనుకుంటాడు.

చివరికి లక్ష్మక్క పోరు పడలేక కంపెనీవాళ్లు దిగొచ్చారు. దసరా మర్నాడు ఇంజినీరును పంపుతామన్నారు. ఆ ఫోను ఎత్తింది బసవన్న. అవతల మాట్లాడిన పిల్ల అంతా చెప్పి, చివర్లో ఒక ముక్క వదిలింది. "అన్నట్టు, బండి మెయింటెనెన్స్ సరిగ్గా చూసుకున్నారా అండీ?"

ఆ ముక్క బసవన్న గుండెల్లో ముల్లులా దిగింది. మెయింటెనెన్సా! తాగడానికే నీళ్లు చాలని ఊళ్లో, మార్కెట్ నుంచి వచ్చిన ప్రతిసారీ బిందెలు బిందెలు మోసి బండి కడిగేవాళ్లు అన్నదమ్ములిద్దరూ. టమాటా పులుసు కారి ఇనుమును తింటుందని వాళ్ల భయం. ఏటా దసరాకు బండి కిందికి దూరి, గీకి, ఎర్ర రంగు పూసి, దాని మీద నల్ల రంగు కొట్టి, పసుపు కుంకుమలు పెట్టి గుమ్మడికాయ కొట్టేవాళ్లు. కన్నబిడ్డకైనా అంత చేస్తారో లేదో.

దసరా రానే వచ్చింది. ఊళ్లో బండ్లన్నీ బంతిపూల దండలతో మెరుస్తున్నాయి. బసవన్న వాళ్ల దొడ్లో మాత్రం ఆ విరిగిన బండి దుమ్ము కప్పుకుని పడి ఉంది. తెచ్చి పడేసిన నాటి నుంచి దాని దగ్గరకు పోవడానికి ఎవరికీ కాళ్లు రాలేదు. ఆ రోజు బసవన్న పోయి వంగి చూశాడు. చాసీ విరిగిన చోట ఇనుము గోధుమ రంగుకు తిరిగి, పెచ్చులు పెచ్చులుగా లేచి ఉంది. చూస్తే సిగ్గేసింది. రేపు వచ్చే ఇంజినీరు ఈ అవతారం చూసి ఏమనుకుంటాడు? బండిని గాలికి వదిలేసినారు, వీళ్లకు మాట్లాడే హక్కేముంది అనుకోడా?

అంతే, ఇనుము రుద్దే ఎమిరీ పేపరు తెచ్చి కూర్చున్నాడు. పెచ్చులన్నీ రాల్చాడు. విరిగిన అంచులను కూడా వదలకుండా, రెండు ముక్కలవీ, ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్దాడు. ఎర్ర రంగు పూశాడు. అది ఆరాక నల్ల రంగు కొట్టాడు. లక్ష్మక్క వాకిట్లో నిలబడి అంతా చూసింది. "బాగుండాది బావా. మనం ఎట్ల చూసుకున్నామో వాళ్లూ చూడనీ," అంది. తల్లి సిద్దమ్మ గిన్నెలో పసుపు కలుపుకుని వచ్చింది. పండగ పూట ఇరిగిన నాగలికి కూడా బొట్టు పెడతాం, ఇది నా కొడుకు చేతిలో తిరిగిన బండి అని, ఆ విరిగిన అంచులకు పసుపు పూసి కుంకుమ పెట్టింది. దెబ్బకు పసుపు పెట్టినట్టే పెట్టింది ముసలామె.

మర్నాడు పొద్దున కర్నూలు నుంచి ఇంజినీరు వచ్చాడు. పేరు ఏసుకుమార్. మర్యాదస్తుడు, ఇచ్చిన మజ్జిగ తాగి మరీ దొడ్లోకి నడిచాడు. బండి దగ్గర గొంతుక్కూర్చుని, విరిగిన అంచును వేలితో తడిమాడు. వేలికి పసుపు అంటింది.

"దీనికి రంగు ఎవరు వేశారండీ?"

"నేనే సార్," అన్నాడు బసవన్న రొమ్ము విరుచుకుని. "దసరా దసరాకూ ఏస్తాం. మెయింటెనెన్స్ మేం యాడా తక్కువ చేయలేదు."

ఏసుకుమార్ కళ్లద్దాలు తీసి పక్కనున్న రాతి మీద చతికిలబడ్డాడు. "అయ్యో పెద్దాయనా, ఎంత పని చేశారు!"

బసవన్నకు ఏమీ అర్థం కాలేదు. ఆయనే విడమర్చి చెప్పాడు. ఇనుము విరిగిన చోట పెచ్చులు కట్టిన పాత తుప్పు ఉంటే, అది ఏనాడో పుచ్చిపోయి ఉందని లెక్క. గట్టి ఇనుము దెబ్బకు విరిగితే తుప్పు అట్లా పెచ్చులు కట్టదు. ఇరిగి దొర్లిందో, దొర్లి ఇరిగిందో సాక్ష్యం చెప్పగలిగింది ఆ అంచు ఒక్కటే. దాన్ని గీకి రంగు పూశాక ఇంక చెప్పడానికేముంది?

"పెచ్చులు పెచ్చులుగా ఉన్నింది సార్!" బసవన్న రెండు చేతులూ చాపాడు. "ఈ చేతుల్తోనే గీకినా. దేవుని తోడు సార్!"

"నేను నమ్ముతాను. మా ఆఫీసు నమ్మదు."

వెనక నిలబడిన లక్ష్మక్క ముందుకు వచ్చింది. "వానల్లేని సీమలో తుప్పెట్ల పడతాదని మీవోళ్లే అన్నారు గదా సార్. మరి మీరెట్ల నమ్ముతాండారు?"

ఏసుకుమార్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "వాన అక్కర్లేదమ్మా. ఆ చట్రం లోపల బోలు. మీరు కడిగిన నీళ్లు లోపలికి పోతాయి, బయటికి కారే దారి మేం సరిగా పెట్టలేదు. లోపల్నుంచి తినేస్తుంది. మీరు పైన ఎన్ని రంగులు వేసినా ఏం లాభం?"

"ఇది మీ కంపెనీకి తెలుసా?"

"తెలుసు. గట్టిగా అడిగినవాళ్లకు గుట్టుగా మార్చి ఇచ్చారు. అడగనివాళ్లు అట్లాగే తోలుకుంటున్నారు."

లక్ష్మక్క కళ్లలో నీళ్లు తిరిగాయి, కోపంతో. "ఆ మాటే రాయండి సార్!"

"ఈ బండిని చూపించి రాయలేనమ్మా, లోపల కోసి చూపినా మీరు గీకి చెడగొట్టిన బండి అంటారు. ఇదే రకం, అప్పుడే కొన్నది ఇంకో బండి, విరగకుండా ఉన్నది ఉంటే కోసి లోపల చూపించి రాస్తాను. అప్పుడు కాదనడానికి వాళ్లకు నోరుండదు. కానీ నడిచే బండిని కోయమని ఎవరిస్తారు?" అని లేచాడు. పోతూ పోతూ వేలికంటిన పసుపును రుమాలుకు తుడుచుకోబోయి, ఏమనుకున్నాడో, మానుకున్నాడు.

ఆయన పోయాక బసవన్న నేల మీద కూలబడ్డాడు. "రోడ్డు మీద వాడు ఒకసారి సచ్చినాడు, ఈ చేతుల్తో నేను ఇంకోసారి సంపినా లక్ష్మక్కా," అని ఏడ్చాడు. యాభై దాటిన మగాడు పసిబిడ్డలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

"నువ్వొక్కనివే చేసినావా బావా? బాగుండాది అన్నది నేను గాదా? లెయ్యి." ఆమె చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది.  తిట్టి ఉంటే బసవన్నకు కాస్త తేలికగా ఉండేది.

మరుసటి రోజు పొద్దున్నే బసవన్న సుత్తి పట్టుకుని మార్కెట్‌కు పోయాడు. ఓబుళేశు బండికి దసరా దండ ఇంకా వాడలేదు. బాక్సులు ఎక్కిస్తున్నారు. బసవన్న ఎవరినీ పలకరించకుండా, నడుం నొప్పి కూడా చూసుకోకుండా ఆ బండి కిందికి దూరాడు.

"ఏందప్పా బసవన్నా, నా బండి కింద నీకేం పని?" ఓబుళేశు అరిచాడు.

"రెండూ ఒక్కనాడు కొన్నాం గదప్పా. దీని కడుపులో ఏముండాదో చూస్తా."

చాసీ నల్లగా నిగనిగలాడుతోంది. సుత్తితో తట్టాడు. ముందు భాగంలో ఖంగుమంది. ఇంకాస్త వెనక్కి జరిగి తట్టాడు, మళ్లీ ఖంగుమంది. సరిగ్గా నడిమికి, తమ్ముడి బండి విరిగిన చోటుకు వచ్చేసరికి మోత మారిపోయింది. ఇంకో దెబ్బకు సుత్తి తల లోపలికి దిగబడింది. గుప్పెడు తుప్పు జలజలా రాలి బసవన్న మొహం నిండా పడింది. పైన పటారం, లోన లొటారం!

ఓబుళేశు వంగి చూశాడు. ఆ చిల్లును చూశాడు, బసవన్న మొహాన్ని చూశాడు. నిన్న సాయంత్రమే ఇంటిల్లిపాదినీ అదే బండిలో ఎక్కించుకుని ఉరుకుందకు పోయి దేవుణ్ణి చూసి వచ్చాడు. 

బసవన్న బయటికి వచ్చి కళ్లు తుడుచుకుని, ఇంజినీరు చెప్పిందంతా చెప్పాడు. "దీన్ని కోయనియ్యప్పా," అన్నాడు చివరికి.

"కోస్తే నేనేం తినల్ల? నాకుండేది ఇదొక్కటే గదా!"

నిజమే.  "నాకు తెలీదప్పా. అడగాల్సింది అడిగినా," అని బసవన్న సుత్తి భుజాన వేసుకుని ఇంటి దారి పట్టాడు. 

మధ్యాహ్నం దాటింది. లక్ష్మక్క వాకిట్లో చెనక్కాయలు ఒలుస్తోంది, బసవన్న అరుగు మీద ఒరిగి ఉన్నాడు. ఓబుళేశు వచ్చాడు. బండిలో కాదు, నడిచి వచ్చాడు. చేతిలో బండి తాళం ఉంది. దాన్ని తెచ్చి లక్ష్మక్క ముందున్న చాటలో పెట్టాడు.

"బాక్సులు దింపేసినా. ఆ ఇంజినీరును రమ్మను, కోసుకోనీ," అన్నాడు తల దించుకుని. "వీరభద్ర బండి ఇరిగే దొర్లిందని మొదటి రోజే నాకు అనుమానం తగిలింది లక్ష్మక్కా. అదే నిజమైతే నా బండీ ఇరుగుతాది గదా. ఆ భయానికి, తాగినాడంటే సరిపోతాదని అనేసినా."

ఎవడి బతుకు భయం వాడిది. కానీ ఆ భయం ఎవరి నెత్తిన పడింది? బసవన్నకు లేచి వాడి చెంప పగలగొట్టాలనిపించింది. చేతులకు ఇంకా నల్ల రంగు అంటుకునే ఉంది. అది చూసుకుని కదలకుండా ఉండిపోయాడు.

లక్ష్మక్క తాళం వైపు చూడలేదు. లోపలికి తిరిగి, "శివానీ, ఈడికి రా," అని పిలిచింది. పిల్ల తలుపు పట్టుకుని నిలబడింది. "చెప్పు ఓబుళేశు. నాకు గాదు, దానికి చెప్పు."

ఓబుళేశు నేల మీద కూర్చున్నాడు. 

"ఇరిగి దొర్లింది పాపా," అన్నాడు. "బండి ఇరిగి దొర్లింది. మీ నాయన తాగలేదు."

"మార్కెట్లో తాగినాడు అన్నింది నువ్వే గదా?"

"నేనే. రేపు అదే మార్కెట్లో నిలబడి ఈ మాటా చెప్తా."

 శివాని వాళ్లమ్మ వైపు తిరిగింది.

"దసరా సెలవులు ఎప్పటికి అయిపోతాయి మా?" అని అడిగింది.