గోడ మీది జాజు ముఖం

మా ఆయన ఆదెయ్యకు అరవై దాటాక బొమ్మల పిచ్చి పట్టింది. అదీ కళ్ళు పోతున్న కాలంలో! కళ్ళు బాగున్నన్నాళ్ళూ గొర్రెల వీపున ఎర్రమట్టి జాజుతో గుర్తు పెట్టడం తప్ప మరో గీత గీసి ఎరగడు. కర్నూలులో డాక్టరు దొర దీపం పెట్టి చూసి, మిగిలిన చూపు వచ్చే ఎండాకాలం దాకా ఉంటే గొప్ప అన్నాడట.  ఇంటికి రాగానే జాజు నానబెట్టాడు.

"ఏందయ్యా ఇది? గొర్రెలను అమ్మి రెండేండ్లాయె. ఇప్పుడు ఎవురికి పెడ్తావు గుర్తు?" అన్నాను.

"మాలకొండమ్మ మొగం గీస్తానే గోవిందూ. చూపు పోయేలోపల ఒక్కసారి చూసుకోవాల."

 మాలకొండమ్మ మా ఒక్కగానొక్క బిడ్డ. పెళ్ళికి ముహూర్తం పెట్టుకున్నాక అమ్మవారు పోసి చనిపోయింది. ఒళ్ళంతా బొబ్బలతో ఉన్న ముఖమే మేము చూసిన చివరి ముఖం. ఆయనకు అంతకు ముందరిది కావాలి. మాలాంటి వాళ్ళకు ఫోటోలెక్కడివి?

ఇంట్లో చీకటని వీధి గోడ మీదే మొదలుపెట్టాడు. జాజు, సున్నం, మసి. పొద్దుటి ఎండ గోడ మీద ఉన్నంతసేపే ఆయనకు కాస్త కనబడేది. ముక్కు గోడకు ఆనించి గీసేవాడు. సన్న గీత కనబడదని లావుగా గీసేవాడు. కళ్ళు చేటలంత చేశాడు. అవీ కంటికి ఆనలేదని చుట్టూ మసి దిద్దాడు.

"ఇంత కండ్లా నా బిడ్డకు? నీ చేతులు పడిపోను!" అని తిట్టాను. తిట్టానే గానీ సున్నం కలిపి ఇచ్చింది నేనే.

"నవ్వితే సొట్ట ఏపక్క పడేదే?"

"కుడిపక్క. అది గూడా మరిచిపోతివా?" అని దబాయించాను.

ఎండలు ముదిరేసరికి ఆయనకు పగలూ చీకటే అయింది. అప్పుడే యర్రగొండపాలెం వైపు నుంచి అమ్మవారు మళ్ళీ మా ఊరికి వచ్చింది. ఒక పొద్దున పక్కింటి వెంకటసుబ్బులమ్మ తడిగుడ్డలతో వచ్చి, బిందెడు పసుపునీళ్ళు మా గోడ మీద కుమ్మరించి సాగిలపడింది.

"తల్లీ, నా మనమనికి పోసినావు. చల్లంగ చూసి దిగిపో తల్లీ!"

"అమ్మోరు కాదు సుబ్బులమ్మా, అది మా బిడ్డ!" అని అరిచాను.

ఆమె చెంపలు వేసుకుంది. "అట్లనగాకు వదినా. తల్లే ఆదెయ్యన్న చేత గీయించుకునింది. లేకుంటే కండ్లు లేనోడు గీసేదెట్ల?"

మధ్యాహ్నానికి వీధి వీధంతా వచ్చింది. పసుపు, కుంకుమ, వేపమండలు. నేను నీళ్ళు తెచ్చి గోడ కడగబోతే నలుగురు మగవాళ్ళు చెయ్యి పట్టుకున్నారు. ఊరిని వల్లకాడు చేస్తావా అని నా మీదికే వచ్చారు.

అరుగు మీద కూర్చుని ఆయన అంతా వింటూనే ఉన్నాడు. జనం పోయాక తడుముకుంటూ వచ్చి గోడ మీద చెయ్యి పెట్టాడు. వేళ్ళకు పసుపు ముద్దలు ముద్దలుగా అంటింది.

"నా బిడ్డను తీసకపోయిన దాని మొగమే గీసినానా గోవిందూ?"

బిడ్డ పోయిన నాడు కూడా ఏడవని మనిషి భోరుమన్నాడు. 

"కాదయ్యా. మన బిడ్డే," అన్నాను.

"ఐతే నువ్వు చెప్పు. నీ కండ్లు బాగుండాయి గదా. మన బిడ్డ మొగం ఎట్లుండె?"

చెబుదామని కళ్ళు మూసుకున్నాను. చేటలంత కళ్ళు, మసి, కుంకుమ. గోడ మీది ముఖమే వచ్చింది. తెరిచి మళ్ళీ మూసుకున్నాను. మళ్ళీ అదే. సొట్ట కుడిపక్కో ఎడమపక్కో, దేవుడా, నాకు నిజంగా గుర్తు లేదు.

"చెప్పవేందే?" అన్నాడు ఆయన.