దాలమ్మకి పడే రంగు

కూర్మయ్య జిలేటిన్ కాగితాలను ఒక్కొక్కటిగా కిటికీ వెలుగుకి పట్టి చూస్తున్నాడు. దీపాల ముందు బిగిస్తే వేదిక మీద రంగు పరిచే పల్చటి కాగితాలవి. గులాబీ, లేతనీలం, తేనెరంగు. కొన్ని పాతదీపాల వేడికి మధ్యలో వెలిసిపోయాయి. ఆ వేడికే కాలి కాలి అతని వేళ్ళ చివర్లు నున్నగా అయిపోయాయి. ఏ కాగితాన్నయినా గోటితో గీరి విడదీయాల్సిందే.

శ్రీకాకుళంలో ఆ హాలులో ఆడే నాటకాలకి ముప్పై ఏళ్ళుగా లైట్లు వేస్తున్నది అతనే. కరపత్రంలో అన్నిటికన్నా కింద అతని పేరుంటుంది. ఒక్కోసారి అదీ ఉండదు. పెళ్ళి చేసుకోలేదు.

మధ్యాహ్నం మూడింటికి నాటక పోటీల్లో దాలమ్మ వేషం కట్టే నాటకం. ఆమెకదే ఆఖరిది. ఇచ్ఛాపురంలో తమ్ముడి భార్య పక్షవాతంతో మంచాన పడింది. చూసుకోవడానికి దాలమ్మ అయిదున్నర బస్సుకి వెళ్ళిపోతోంది. ఇక రాదు.

ఆడవేషమంటే ఎవరైనా గులాబీ వేసేస్తారు. దాలమ్మ నల్లటి మనిషి. గులాబీ పడితే ఆ ముఖం బూడిద పూసినట్టయ్యేది. ఆమె ఇక్కడ ఆడిన మొదటి ఏడాదే కూర్మయ్య అది కనిపెట్టి తేనెరంగుకి మార్చాడు. అప్పట్నుంచీ ఆమె ఏ వేషం కట్టినా అదే రంగు. ఆ సంగతి ఆమెకెప్పుడూ చెప్పలేదు.

ఈమధ్య హాల్లో పాతదీపాలు తీసేసి ఎల్‌ఈడీలు పెట్టారు. వాటి వెలుగు సున్నంలా ఉంటుంది. పొద్దున తేనెరంగు బిగించి తన ముంజేయి అడ్డం పెట్టి చూసుకున్నాడు. అతనిదీ దాలమ్మదీ ఒకటే ఛాయ. చెయ్యి పచ్చకామెర్లు వచ్చినట్టు కనిపించింది.

పదకొండున్నరకి దాలమ్మ సంచీతో వచ్చింది. యాభై రెండేళ్ళుంటాయి. కుడికాలు కాస్త ఈడుస్తుంది.

"ఏటి, ఇంకా అవనేదా?"

"నీ రంగు కుదర్నేదు."

"నాకో రంగున్నాదేటి?"

కూర్మయ్య తలెత్తకుండా అంతా చెప్పాడు. ఆమె నవ్వకుండా వింది.

"ఇన్నేళ్ళూ ఆ ఎలుగులో నిలబడ్డాను గానీ, ఎలాగుంటానో నానెప్పుడూ సూడ్నేదు. నువ్వెళ్ళి నిల్సో. నాను సూస్తాను."

ఆమె మూడో వరసలో కూర్చుంది. ఆమె ఎప్పుడూ నిలబడే చోట అతను నిలబడ్డాడు. కళ్ళలోకి వెలుగు కొట్టి హాలంతా నల్లగా అయిపోయింది.

"జొరమొచ్చినోడిలాగున్నావు. తీసీ."

నిలువు స్టాండు మీది దీపం దగ్గరికెళ్ళి గులాబీ వేసి, మళ్ళీ వచ్చి నిలబడ్డాడు. "అమ్మో," అంది. చివరికి తేనెరంగు వెనక లేతగులాబీ ఒక పొర పెట్టి, వచ్చి నిలబడ్డాడు. చీకట్లోకి కళ్ళు చికిలించాడు.

"దాలమ్మా?"

"ఉండు. కదలకు."

చేతులెక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు. ఇరవై ఏళ్ళ కిందట శ్రీముఖలింగంలో నాటకమాడి తెల్లవారి వ్యానులో వస్తూ, ఆమెని అడగాల్సిన మాట దారంతా కూడబలుక్కున్నాడు. ఆమె కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది. లేపబుద్ధి కాలేదు. ఏడురోడ్ల జంక్షన్లో దిగిపోయాడు.

"ఇదే ఉంచీ," అంది దాలమ్మ. గొంతు మెల్లగా వచ్చింది. "నానిలాగుండీదాన్నేటి?"

"ఇంతకన్నా బావుండీదానివి."

కుర్చీ కిర్రుమంది.

"మరి సెప్పవేటి?"

"కాగితం కాలిపోతాది, ఆర్పేస్తాను," అన్నాడు కూర్మయ్య. కొత్తదీపాలకి కాగితాలు కాలవు.

నాటకంలో ఆమెది తల్లి వేషం. ఆఖరి రంగంలో కొడుకు వెళ్ళిన వైపు చూడాల్సినామె, తలెత్తి నేరుగా దీపంలోకి చూసింది. ఆ ముఖం కాల్చిన ఇటుకలా మెరిసింది. వెలుగు తగ్గించాల్సిన క్షణం వచ్చి, దాటిపోయింది. కూర్మయ్య చెయ్యి మీట మీదే ఉండిపోయింది. పక్కతెర చాటునుంచి ఎవరో కసిరాక తగ్గించాడు.

తర్వాతి నాటకానికి రంగులు మార్చి నిచ్చెన దిగేసరికి అయిదుంపావు. బస్సు కాంప్లెక్సుకి ఆటోలో పది నిమిషాలు. హాలు మెట్లదాకా వెళ్ళాడు. లోపల నాటకానికి మొదటి గంట కొట్టారు. వెనక్కి వచ్చాడు.

గ్రీన్‌రూమ్ ఖాళీగా ఉంది. అద్దం పక్కన మేకుకి దాలమ్మ పొందూరు ఖద్దరు తువ్వాలు వేలాడుతోంది. దాని కొసన, ముఖం తుడుచుకున్న చోట, రంగు ఇంకా తడిగానే ఉంది.