ముసురులో బిగిసిన తలుపు

తెల్లారేసరికి ఆకాశం నానబెట్టిన గోనెపట్టాలా వేలాడుతోంది. ముసురు వదిలేలా లేదు. నర్సమ్మ గొడుగు ముడిచి లోపలికి రాగానే, జల్లు కొడుతోందని వడ్రంగి ఆమె వెనకే తలుపును భుజంతో నెట్టి మరీ మూశాడు.

అతని భార్యకు నెలలు నిండాయి. కాన్పుకు చోట్లు మూడున్నాయి. పట్నంలో డాక్టర్లూ ఆపరేషన్ గదీ ఉన్న పెద్దాసుపత్రి, వంతెన అవతల నర్సులే నడిపే చిన్న ప్రసూతి కేంద్రం, కాదంటే నర్సమ్మ వచ్చి ఇంట్లోనే చేసే కాన్పు. అడిగితే తప్ప నోరు విప్పని వడ్రంగి ఈ ఒక్క సంగతిలో అడగకపోయినా తీర్పు చెప్పేశాడు. పెద్దాసుపత్రి తలుపులు ఉత్త చెక్కపొట్టువట. ప్రసూతి కేంద్రం మంచాలు కిర్రుమంటాయట. ఇంట్లో అయితే గడప నుంచి మంచం దాకా తన చేతి పనే. కనబోయే మనిషిని ఒక్క మాట అడగాలని మాత్రం ఆ మేధావికి తోచలేదు.

అసలు సంగతి వేరు. పెద్ద కూతురు పుట్టినప్పుడు ఆసుపత్రి వరండాలో మందుల వాసనకే అతను మొదలు నరికిన చెట్టులా కూలాడు. ఆ పూట కాన్పు ఒకరిది, మంచాలు ఇద్దరికి.

నర్సమ్మ గదులు చూసింది, నీళ్లు చూసింది. తేడా వస్తే మనిషిని స్ట్రెచర్ మీద వెంటనే బయటికి చేర్చాలి, తలుపు బార్లా తెరవమంది.

తలుపు రాలేదు. వడ్రంగి గట్టిగా లాగితే గొళ్లెం చేతికొచ్చింది. తేమకు చెక్క ఉబ్బిందని, తప్పు తనది కాదు వానదని గొణిగాడు. ఊరందరి తలుపులకూ చిత్రిక పట్టే చేతికి సొంత తలుపు దగ్గర తీరిక చిక్కలేదు మరి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇతను రచ్చ గెలిచి ఇంట్లో ఇరుక్కున్నాడు.

బయటి నుంచి తందామని కిటికీలో దూరాడు. సగంలో ఆగిపోయాడు.

"తల ముందే వచ్చింది, ఫర్వాలేదు. నిదానంగా ఊపిరి తీసుకో నాయనా" అంది నర్సమ్మ వెనక నుంచి.

"భుజాలు అడ్డం పడ్డట్టున్నాయి" అంది భార్య, పొట్ట పట్టుకుని నవ్వుతూ.

చివరికి బురదలోకి జారిపడి, చుట్టూ తిరిగొచ్చి, తన్నితే తలుపు తెరుచుకుంది. ఒళ్లంతా మట్టితో గుమ్మంలో నిలబడిన అతన్ని చూసి ఆమె నవ్వడం ఆపింది.

"పోయినసారి నాకు రక్తం ఆగలేదు. ఎంత పోయిందో నీకు తెలీదు, నువ్వు పడున్నావు. ఈసారీ అలాగే అయి, ఈ తలుపు రాకపోతే? నేను పెద్దాసుపత్రికే పోతా."

ఈ మాట ముందే తెలిసుంటే ఇల్లు చూడ్డానికే వచ్చేదాన్ని కాదంది నర్సమ్మ. అలాంటి కాన్పు డాక్టర్ల దగ్గరే జరగాలంది.

వడ్రంగి ఊడొచ్చిన గొళ్లెం తీసి పక్కన పెట్టాడు.

"నేనూ కాన్పు గదిలోకి వస్తా."

"మళ్లీ పడితే?"

"నేలమీద కూర్చునే ఉంటా. కూర్చున్నోడు ఎక్కడికి పడతాడు?"

అతను మడతబందులు విప్పి, తలుపును గోడకు చేరేశాడు. నర్సమ్మను భోజనానికి ఉండమన్నారు. తలుపు లేని గుమ్మంలోంచి జల్లు కంచాల దాకా వస్తున్నా ఎవరూ లేవలేదు. అతని కంచం ఖాళీ కాకముందే భార్య ఇంకో గరిటె అన్నం వడ్డించింది.