అప్పాయమ్మ అడిగిన కొసరు

యారాడలో చేపలమ్మే అప్పాయమ్మ చెప్పిన ధరకు ఈ జన్మలో ఏదీ కొనలేదు. పెళ్ళి చీర దగ్గర నుంచి ఆసుపత్రి మంచం దాకా అన్నింటికీ బేరమాడింది. ఆడకుండా డబ్బిచ్చేస్తే అవతలివాడికి మనమంటే లెక్కుండదని ఆమె నమ్మకం.

అలాంటి మనిషి ఇంట్లో కూతురు సాయిదుర్గ ల్యాప్‌టాప్‌లో ఒక ఏఐని సాయం పెట్టుకుని యాప్ తయారుచేస్తోంది. ఏ పడవ ఏ చేపతో ఒడ్డుకొస్తోందో చేపలమ్మే ఆడవాళ్ళకు ముందే చెప్పే యాప్ అది. ఇవాళ మూడింటికి గోపాలపట్నంలోని ఒక కంపెనీవాళ్ళకు వీడియో కాల్‌లో చూపించాలి. వాళ్ళకు నచ్చితే ఉద్యోగం. ఒకటిన్నర దాటినా, యాప్‌లో వంజరం చేప నొక్కితే రొయ్యలే వస్తున్నాయి.

"ఆ ఏఐనే అడగొచ్చు కదే," అంది అప్పాయమ్మ.

"ఊరికే వాడుకుంటన్నాను కదమ్మా. ఇంక మూడు ప్రశ్నలే మిగిలాయి, ఆలోసించి అడగాల. ఎన్నయినా అడగాలంటే నెలకి రెండు వేలు కట్టాల," అని సాయిదుర్గ తలస్నానానికి వెళ్ళింది.

రెండు వేలు చెప్పాడంటే అసలు ధర పన్నెండొందలన్నమాట. పిల్లకు బేరం చేతకాదు, చదువుకుంది కదా పాపం. కూతురు రోజూ నొక్కే మైకు బొమ్మ ఎక్కడుందో అప్పాయమ్మకు తెలుసు. నొక్కింది.

"రెండు వేలేటి బాబూ. పన్నెండొందలు సేసుకో. పిల్ల రోజూ నీ కాడికే వత్తాది."

ధర మార్చడం తన చేతిలో లేదండీ అని పెట్టెలోని గొంతు వినయంగా చెప్పింది.

"అయితే మీ యజమానిని పిలు. నాను మాటాడతాను."

పిలవలేనని, క్షమించమని చెప్పింది. ఇంత మర్యాదస్తుడు బేరానికి లొంగకపోవడం అప్పాయమ్మకు చిరాకెత్తించింది. మళ్ళీ నొక్కి, "సరే, ఎల్లిపోతన్నాను," అని గుమ్మం వైపు నడిచింది. మూడో అడుగులో వెనక్కి పిలవని వ్యాపారి యారాడ నుంచి పూర్ణా మార్కెట్ దాకా ఎవడూ లేడు.

వీడు పిలవలేదు. తల తుడుచుకుంటూ వచ్చిన సాయిదుర్గ తెర ముందు నిలబడిపోయింది. ఉచిత ప్రశ్నలు అయిపోయాయి, ఆరు గంటలకు రండి అని రాసి ఉంది.

"అమ్మా, ఏటి సేసావ్?"

"బేరమాడాను."

సాయిదుర్గ అరవలేదు. అరిచి ఉంటే అప్పాయమ్మ కూడా అరిచేది, సగం తేలికయ్యేది. ఆ పిల్ల కుర్చీలో కూలబడి కళ్ళు తుడుచుకుంది. ఆరు నెలలుగా కూతురు తిండి కూడా ఆ పెట్టె ముందే తింటోంది. తన నోటి దురదకు ఆ కష్టమంతా గంగలో కలిసేలా ఉంది.

అప్పాయమ్మ బొడ్లోంచి ఫోన్ తీసింది. "ఎక్కడ స్కాన్ సెయ్యాలో సూపించు."

"రెండు వేలమ్మా."

"నాకు సెవుడు లేదు. సూపించు."

డబ్బు వెళ్ళిందని ఫోన్ మోగగానే, నలుగురిలో పైట జారినంత సిగ్గేసింది ఆమెకు. అయినా కూతురు ప్రశ్న టైపు చేస్తుంటే భుజం మీంచి వంగి, "కొసరు కూడా అడుగు," అంది.

"దానికి కొసరంటే తెల్దమ్మా."

కాసేపటికి వంజరం నొక్కితే వంజరమే వచ్చింది. కింద ఇంకేదో రాసి ఉంటే సాయిదుర్గ పైకి చదివింది. మీరు అడగలేదు గానీ, పడవ పేరు మారిస్తే యాప్ ఆగిపోయే తప్పు ఇంకొకటి కనిపించింది, అదీ సరిచేశాను.

అప్పాయమ్మ పైట సర్దుకుని కూర్చుంది.

"అడక్కుండానే ఏసాడు. మంచోడే," అంది. "వచ్చే నెల పదిహేనొందలకి దింపుతాను."

సాయిదుర్గ ముందు మైకు ఆపేసి, ఆ తర్వాతే జడ వేసుకోవడానికి లేచింది.